ఏప్రిల్ ఒకటిన పుట్టిన సరిహద్దు

'సహకారం' అన్న మాట పేపర్లో పెద్దక్షరాలతో పడిందంటే ఆ పని ఇప్పట్లో కాదని టెక్కలి బస్టాండులో ఎవరినడిగినా చెబుతారు. గొడవ పడుతున్నంతకాలం కనీసం ఎవడో ఒకడు కోర్టుకైనా వెళతాడు. స్నేహం కుదిరిందంటే మాత్రం ఫైలుకి పడక వేసేసినట్టే.

2021 నవంబర్ 9న ఆంధ్రప్రదేశ్, ఒడిశా ముఖ్యమంత్రులు జగన్మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిశారు. ఫొటోలు దిగారు. సంయుక్త ప్రకటన వచ్చింది. అందులో లేనిదేముంది! కొఠియా గ్రామాలు, నేరడి బ్యారేజీ, జంఝావతి, పోలవరం, బాహుదా నీళ్ళు, బలిమెల, ఎగువ సీలేరు కరెంటు ప్రాజెక్టుల అనుమతులు, గంజాయి, మావోయిస్టులు, చివరాఖరికి బరంపురం యూనివర్సిటీలో తెలుగుకో పీఠం, శ్రీకాకుళం అంబేడ్కర్ యూనివర్సిటీలో ఒడియాకో పీఠం. వీటన్నిటినీ తేల్చడానికి ఇద్దరు ప్రధాన కార్యదర్శులతో ఒక కమిటీ. జాబితా చాలా బాగా కుదిరింది. నీళ్ళు, కరెంటు, భాష, భద్రత అన్నీ ఒకే కాగితం మీదికెక్కాయి గనక దాన్ని చరిత్రాత్మకం అన్నవాళ్ళని తప్పుపట్టలేం. శ్రీకాకుళం ఉద్దానం రైతు మాత్రం ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఏటి బాబూ, ఆళ్ళు మాటాడుకున్నారంట గదా, మరి నీళ్ళేవీ?"

ఇలాంటి అనుమానపు మనుషుల వల్లే దేశం వెనకబడుతోందని అధికారులు అనుకుంటూ ఉండొచ్చు.

అసలు ఈ రెండు రాష్ట్రాలూ సహకరించుకోవాల్సిన అవసరం ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1936 దాకా పలాస, టెక్కలి, పర్లాకిమిడి, బరంపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కిందే ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. తారీఖు నేను ఎంచింది కాదు, సర్కారు ఎంచిందే. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం ఇటు మిగిలి విశాఖ జిల్లాలో పడ్డాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. భాష ప్రకారం రాష్ట్రం కావాలనడం న్యాయమే, ఒడియావాళ్ళ పోరాటాన్ని తక్కువ చేయనక్కర్లేదు. విచిత్రమేమిటంటే గీత గీయడానికి పట్టిన కాలం కంటే ఆ గీత మీద రాకపోకలు కుదర్చడానికి పట్టే కాలం ఎప్పుడూ ఎక్కువే. కోతకి ముహూర్తం పెడతారు, అతుకుకి కమిటీ వేస్తారు.

ఇంకో ఏప్రిల్ ఒకటి సంగతి కూడా చెప్పాలి. 1900లో సరిగ్గా ఆ రోజునే నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది. రెండడుగుల ఆరంగుళాల పట్టాలు, టెక్కలి మీదుగా పాతపట్నం దాటి సంస్థానం రాజధానికి ఇరవై అయిదు మైళ్ళు. కలకత్తా–మద్రాసు మెయిన్ లైను నౌపడా మీదుగా పోయి తన ఊరిని వదిలేసిందని పర్లాకిమిడి గజపతి గౌరచంద్ర సొంత డబ్బు ఏడు లక్షలు పోసి వేయించుకున్న లైను అది. మొదటి పదేళ్ళు నష్టమే. తర్వాత లాభాల్లోకి వచ్చాక 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. రాజుగారి దొడ్డ మనసని పొగడక్కర్లేదు. సంస్థానం ఆయనది, దర్జా ఆయనది, సంయుక్త కార్యాచరణ బృందం అవసరమూ పడలేదు. ఆ వంశం వాడే కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా రాష్ట్రం కోసం పట్టుబట్టి 1937లో దానికి తొలి ప్రధాని అయ్యారు. రాజధాని ఒరిస్సాలో, రైలు బయల్దేరే స్టేషను ఆంధ్రలో! అయినా ఆ బుల్లి రైలు ఎవరితోనూ ఎంఓయూ కుదుర్చుకోకుండా 2004 దాకా నడిచింది. దాన్ని పీకి బ్రాడ్‌గేజి వేసి 2011 కల్లా గుణుపురం చేర్చారు.

ఇప్పుడు అసలు ఘట్టం. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఇస్తున్నామని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ఆరేళ్ళకి, 2025 ఫిబ్రవరిలో, కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ని రెండు ముక్కలు చేస్తూ ఆమోదం తెలిపింది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖ డివిజన్‌కి, సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌కి. పంపకంలో గజపతిగారి లైను సంగతేమైందంటారా? నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా విశాఖకిచ్చారు, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా రాయగడకిచ్చారు. మొత్తం కలిపి తొంభై కిలోమీటర్ల బ్రాంచి లైను. దానికి రెండు డివిజన్లు, రెండు జోన్లు, రెండు ప్రధాన కార్యాలయాలు. ఒకటి విశాఖలో, ఒకటి భువనేశ్వర్‌లో.

మెయిన్ లైను మీద ఇంకో ముచ్చట. ఆ నిర్ణయంలో విశాఖ డివిజన్ ఉత్తరపు కొస పలాస దగ్గరే ఆగింది. పలాస దాటితే సుమ్మాదేవి, మందస రోడ్, బారువ, సోంపేట, జాడుపూడి, ఇచ్ఛాపురం స్టేషన్లన్నీ మొదట్నుంచీ ఉన్నట్టే ఖుర్దారోడ్ డివిజన్ లెక్కలో మిగిలాయి. 'ఆంధ్రుల కలల జోన్' ఆంధ్ర ఎల్లదాకా రావడానికి ఆయాసపడి జీడిపప్పు ఊరు పలాసలోనే కూచుండిపోయింది. సోంపేట స్టేషన్ బోర్డు మీద తెలుగక్షరం చెరిగిపోతే అర్జీ ఒడిశాకి రాయాలి.

"రైలు ఆగదు కదా, ఎవరి డివిజన్ అయితేనేం?" అని అడిగే పెద్దమనుషులున్నారు. రైలు ఆగదు, నిజమే. ఆగేది కాగితం. ఒక హాల్టు కావాలన్నా, పాసింజరు వేళ మార్చాలన్నా, ప్లాట్‌ఫారం పొడిగించాలన్నా ఇక్కడి దరఖాస్తుకి అక్కడి సమ్మతి, అక్కడి సమ్మతికి ఇక్కడి వ్యాఖ్య కావాలి. దీన్నే పైవాళ్ళు సమన్వయం అంటారు.

ఇలాంటి సమన్వయంలో మనకి గురువులు వేరే ఉన్నారు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు విడాకుల కాగితం మీద సిరా ఆరకముందే తమలో తాము ఒక కామన్వెల్తు పెట్టుకున్నారు. తర్వాత కస్టమ్స్ యూనియన్లు, ఆర్థిక సంఘాలు, ఇంధన మండళ్ళు, రవాణా ఒప్పందాలు వచ్చిపడ్డాయి. మధ్య ఆసియాలో సిర్ దర్యా నది కథ వింటే శ్రీకాకుళం మనిషికి చుట్టరికం కలుస్తుంది. ఎగువన కిర్గిజిస్తాన్‌లో తోక్తొగుల్ జలాశయం ఉంది. మాస్కో ఉన్నన్నాళ్ళూ వేసవిలో నీళ్ళు దిగువ ఉజ్బెక్ పత్తికి, చలికాలంలో బొగ్గు, గ్యాస్ ఎగువ కిర్గిజ్ ఇళ్ళకి వెళ్ళేవి. మాస్కో తప్పుకోగానే దిగువవాళ్ళు బొగ్గుకి డబ్బడిగారు. ఎగువవాళ్ళు కరెంటు కోసం నీళ్ళని చలికాలంలోనే వదిలేశారు. దిగువ పొలాలకి వేసవిలో కరువు. 1998లో ఒప్పందం రాసుకున్నారు. 2009లో ఉజ్బెకిస్తాన్ ఉమ్మడి గ్రిడ్‌నుంచి బయటికొచ్చింది. తర్వాత మళ్ళీ చేరింది. 2022 జనవరి 25న దక్షిణ కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మూడూ ఒకేసారి చీకట్లో మునిగాయి. ముప్ఫై ఏళ్ళ ప్రాంతీయ సహకారంలో అందరికీ సమానంగా పంచిందేదంటే ఆ చీకటే.

మన వంశధార నది దగ్గర చీకటి కూడా పంచుకోలేదు. 1962లో రెండు రాష్ట్రాలూ నీళ్ళు చెరి సగం అనుకున్నాయి. సగం అన్నది పసిపిల్లలకి కూడా తెలిసే లెక్క కాబట్టి దాన్ని అర్థం చేసుకోవడానికి 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017 సెప్టెంబర్ 13న ట్రిబ్యునల్ తేల్చింది: నదిలో 115 టీఎంసీలు, ఒక్కొక్కరికి 57.5. అంటే మళ్ళీ సగమే. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చంది. దానికి ఒడిశా నుంచి 106 ఎకరాలు కావాలి. 2021 జూన్‌లో ఇంకోసారి అదే మాట అంది. ఒడిశా సుప్రీంకోర్టుకెళ్ళింది. మునిగిపోతాయన్న భయం వాళ్ళ పల్లెల్లోనూ ఉంది, అదీ వినాల్సిందే. వినడానికే కదా కమిటీ వేసింది! అది వినిందో, వింటూ నిద్రపోయిందో గానీ నేరడిలో ఇటుక పడలేదు. ఈలోగా నేరడి ఎలాగూ కావడంలేదని గొట్టా దగ్గర మోటార్లు పెట్టి హిరమండలం రిజర్వాయర్‌లోకి నీళ్ళు తోడే పథకం తెర మీదికొచ్చింది. వాలున పారిరావల్సిన నీటికి కరెంటు బిల్లు కట్టడమన్నమాట. విద్యుత్ రంగ సహకారం ఇంతకంటే ఎలా ఉంటుంది?

ఇదంతా ఏదో ఫైళ్ళ సరదా అనుకోకండి. కిడ్నీలు పాడైన ఉద్దానానికి తాగునీరు పంపే 700 కోట్ల పథకం ఆ హిరమండలం జలాశయం మీదే ఆధారపడి ఉంది. 2023 డిసెంబర్ 14న దాన్ని ప్రారంభించారు, అదే రోజున పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రినీ ప్రారంభించారు. ఎడమ కాలువ కొసన టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు మడులు చూసేదీ ఆ నది వైపే.

కొఠియా వైపు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. ఆ ఇరవై ఒక్క ఊళ్ళూ ఎవరివో తేల్చమని 1968లో సుప్రీంకోర్టుకెక్కారు. తేలలేదు గనక రెండు రాష్ట్రాలూ పోటీలు పడి రోడ్లు, బళ్ళు, రేషన్లు, పింఛన్లు ఇస్తున్నాయి. ఉద్దానం నాయకులకి నాదో సలహా: కవిటి, కంచిలి, సోంపేట, మందసలని కూడా వివాదాస్పద ప్రాంతంగా ప్రకటించమని పట్టుబట్టండి. ఎవరిదో తెలిసిపోయిన ఊరికి ఎవడొస్తాడు?

నిజమైన సహకారం ఎలా ఉంటుందో చూపించే వస్తువు ఒకటుంది, దాచడం అన్యాయం. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. 1946లో మద్రాసు, ఒరిస్సా ఒప్పందం రాసుకున్నాయి. మొదట డెబ్భై, ముప్ఫై వాటాలు, ఒరిస్సా కోరితే సగందాకా పెంచుకోవచ్చు. 1955లో కరెంటు వచ్చింది. మూడు పదిహేడు మెగావాట్ల యంత్రాలు, మూడు ఇరవై మూడు మెగావాట్లవి, మొత్తం 120. ఇన్ని ప్రభుత్వాలు మారినా అది తిరుగుతూనే ఉంది. ఎందుకు? టర్బైను ఆగితే నష్టం ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది గనక. నేరడి ఆగితే ఒకడికే నష్టం. రెండోవాడు తీరిగ్గా సంయుక్త ప్రకటన చదువుకోవచ్చు.

ఇక వ్యాపారం. పలాస, కాశీబుగ్గ బట్టీలకి జీడిపిక్కలు ఐవరీ కోస్టు లాంటి ఆఫ్రికా దేశాల నుంచి ఓడలెక్కి వస్తాయి. ఈ సహకారం మాత్రం దివ్యంగా నడుస్తోంది. 2018 బడ్జెట్‌లో ముడి పిక్కల మీద దిగుమతి సుంకాన్ని అయిదు నుంచి రెండున్నర శాతానికి దించారు. అదే ఏడు అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. బట్టీ ఆడాలంటే పిక్క కావాలి, బట్టీ ఆడితేనే పలాస మహిళలకి పని, అందుకని దిగుమతిని తిట్టను. కానీ సొంత తోటలో పిక్క కోసిన రైతు 80 కిలోల బస్తాకి పదహారు వేలిమ్మని రోడ్డెక్కితే అతనితో సహకరించే కమిటీ ఎక్కడా కనపడదు.

రేవుల సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసి, సరుకు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వస్తుందన్నారు. ఒడిశాకి పైనే సొంత రేవు గోపాలపూర్ ఉంది, వాళ్ళ సరుకు మనకెందుకిస్తారో ఎవరూ అడగలేదు.

ఈ తీరంలో ఇంధనం పేరెత్తితే ఇంకో రెండు తారీఖులు గుర్తుకొస్తాయి. 2010 జూలై 14 సోంపేట, 2011 ఫిబ్రవరి 28 కాకరాపల్లి. బీల, తంపర అనే చిత్తడినేలల్ని బొగ్గు కరెంటుకి ఇవ్వబోమన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి, కరెంటు రాలేదు. ఆ రెండు రోజులూ తుపాకీ ఏ ఉమ్మడి కమిటీ కోసమూ ఆగలేదు.

2021లో రెండు రాష్ట్రాల్లో రెండు పార్టీలు ఉండటం వల్ల ముడి పడలేదని సర్దిచెప్పేవాళ్ళు. 2024 జూన్ నుంచి రెండు చోట్లా, ఢిల్లీలో కూడా ఒకే కూటమి. ఆ సాకు పోయింది కాబట్టి కొత్తదొకటి వెతకడానికి ఉప సంఘం వేస్తారేమో తెలీదు. ఈలోగా నాదో ప్రతిపాదన. వచ్చే సంయుక్త సమావేశం భువనేశ్వర్‌లో వద్దు, అమరావతిలో వద్దు, గుణుపురం పాసింజర్లో పెట్టాలి. ఇద్దరు ప్రధాన కార్యదర్శులు, నీటిపారుదల, కరెంటు అధికారులు, రెండు డివిజన్ల రైల్వే పెద్దలు నౌపడాలో జనరల్ బోగీ ఎక్కాలి. టెక్కలిలో కాలువ చివరి రైతులెక్కి ఎదురుగా కూచుంటారు. పాతపట్నం దాటేలోపు నూటారు ఎకరాల కాగితం మీద సంతకం పడాలి. పడకపోతే పర్లాకిమిడిలో డివిజన్ మారిపోతుంది గనక నిబంధనల ప్రకారం ఎజెండా మొదటి అంశం నుంచి మళ్ళీ చదవాలి. గుణుపురంలోనూ తేలకపోతే అదే రైల్లో వెనక్కి. టిఫిన్లు నౌపడాలోనే పొట్లాలు కట్టించుకోవాలి, భోజన విరామం పేరు చెప్పి దారిలో దిగిపోవడానికి వీల్లేదు.