ఊడ్చే పని లేని చోటు

చాలా ఏళ్లపాటు నేను ఒక సిద్ధాంతాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. అంతరిక్షంలో ఊడ్చే పని ఉండదు. దుమ్ము నేల మీద పడేది బరువు వల్ల. అక్కడ బరువు తెలియదు కాబట్టి దుమ్ము పడదు, చీపురు అక్కర్లేదు. రిటైరయ్యాక ఇల్లు ఊడవడం, చెత్తబండి వచ్చేసరికి తడి డబ్బా, పొడి డబ్బా కిందికి దింపడం నా వాటాకు వచ్చాయి. అప్పటి నుంచి ఆ సిద్ధాంతం మీద మమకారం మరీ పెరిగింది. వ్యోమగాములంటే అసూయ కూడా పట్టుకుంది. ఆ ప్రయాణంలో ప్రాణం పోవచ్చన్న సంగతి నా లెక్కలోకే రాలేదు.

ఒకరోజు చీపురు చేతిలో పట్టుకునే మా ఆవిడకు ఇదంతా విడమరిచి చెప్పాను. గోంగూర తుంచుతున్న మనిషి తల ఎత్తకుండానే, "కింద పడకపోతే మరెక్కడికి పోతుందండీ?" అంది.

"ఎక్కడికీ పోదు, గాల్లోనే ఉంటుంది" అన్నాను, గెలిచినవాడిలా.

"అయితే పోయేది ముక్కులోకే కదా!"

డిగ్రీలో ఫిజిక్సు చదివింది నేను. ఆవిడది కామర్సు. ఆ రాత్రి పట్టుదలగా చదవడం మొదలుపెట్టాను, జ్ఞానం కోసం కాదు, నన్ను గెలిపించే ముక్క ఒక్కటైనా దొరక్కపోతుందా అని. దొరికినవన్నీ ఆవిడ వైపే సాక్ష్యం చెప్పాయి.

నేల మీద మన ఇళ్లను సగం శుభ్రం చేసిపెట్టేది భూమ్యాకర్షణేనట. చెత్తనంతా ఒకే చోటికి, కాళ్ల కిందికి దింపి పెడుతుంది. మనం చేసేది దాన్ని పోగుచేయడమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆ సాయం లేదు. ఫ్యాన్లు గాలిని ఎడతెగకుండా ఫిల్టర్ల వైపు లాగుతుంటాయి. దుమ్ము, వెంట్రుకలు, చేజారిన స్క్రూలు చివరికి ఆ జాలీలకే వచ్చి అంటుకుంటాయి. ఏదన్నా కనిపించకపోతే ముందు చూసేది అక్కడే. గోళ్లు తీసుకోవాలన్నా ఆ జాలీ పక్కకే చేరతారు. శనివారం శుభ్రం చేసే రోజు. జాలీల మీద వాక్యూమ్ క్లీనర్ ఆడిస్తారు. పట్టుకుని కదిలే కమ్మీలనూ, భోజనాల బల్లనూ క్రిములు చంపే తడిగుడ్డలతో తుడుస్తారు. నేల, గోడ, కప్పు అన్న తేడా లేదు కనుక అన్ని వైపులా మురికే, అన్ని వైపులా పనే. నేను ఒక్క నేలకే ఏడుస్తున్నాను.

అన్నిటికంటే నన్ను కదిలించింది పాదాల సంగతి. నడక ఉండదు కాబట్టి కొన్ని వారాలకు అరికాళ్ల మందపాటి చర్మం పొరలుపొరలుగా ఊడిపోతుందట. సాక్సు విప్పి దులిపితే ఆ పొట్టంతా పక్కవాడి మొహం మీదికి పోతుంది. నెమ్మదిగా, జాగ్రత్తగా విప్పుకోవాలి. నేను మంచం మీద కూర్చుని సాక్సు ఎటుపడితే అటు విసిరేస్తాను. మా ఆవిడ ఈ పేరా చదవకుండా ఉంటే బాగుండు.

తిండి కూడా పొడి రాలనిదే కావాలి. 1965లో జెమిని 3 ప్రయాణంలో అమెరికా వ్యోమగామి జాన్ యంగ్ చెప్పాపెట్టకుండా ఒక మాంసం శాండ్‌విచ్ జేబులో వేసుకెళ్లాడు. రొట్టె పొడి కేబిన్‌లో తేలడం మొదలయ్యేసరికి దాన్ని మళ్లీ జేబులోకే తోశారు. దాని మీద అమెరికా చట్టసభలో కూడా ప్రశ్నలు వేశారు. ఇప్పుడు బ్రెడ్డు బదులు టోర్టియా అనే మెక్సికో రొట్టె వాడతారు. 1985లో మెక్సికో వ్యోమగామి ఒకాయన తీసుకెళ్లాక అది అక్కడ స్థిరపడింది. ఇక ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి ఉన్నాడు, నా మనిషి. కేంద్రంలో పండించిన చిన్న టమాటాల్లో తన వాటాను సంచీతో సహా పోగొట్టుకున్నాడు. గంటల తరబడి వెతికాడు. అతనే తినేసి ఉంటాడని లోకమంతా ఆటపట్టించింది. అతను భూమికి వచ్చేశాక, 2023 డిసెంబరులో దొరికింది, ఎండి, నలిగి. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే నాకు ఆ వార్త ఎంత ఊరటో చెప్పలేను.

ఓటమి ఒప్పుకున్నానా? లేదు. రెండో సిద్ధాంతం బయటికి తీశాను. "చెత్త పుడితే పుట్టనీ, తలుపు తీసి బయట పారేస్తారు. అంత చోటుంది." ఇది పూర్తిగా అబద్ధమేం కాదు. సోవియట్ వాళ్లు సాల్యూత్ కేంద్రాల నుంచి చెత్తసంచుల్ని చిన్న ఎయిర్‌లాక్ గుండా బయటికి నెట్టేవారు. 2022 జూలైలో అంతర్జాతీయ కేంద్రం నుంచి కూడా దాదాపు 78 కిలోల చెత్తమూటను అలాగే వదిలారు. కానీ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నచోట బయట పడేసిందీ అదే వేగంతో మన దారినే తిరుగుతుంది. 2008 నవంబరులో ఒక వ్యోమగామి చేతి నుంచి జారిన పనిముట్ల సంచి మరుసటి ఆగస్టు దాకా భూమి చుట్టూ తిరిగి అప్పుడు కాలిపోయింది. అందుకే మామూలు పద్ధతి వేరు. ప్రోగ్రెస్, సిగ్నస్ లాంటి సరుకుల నౌకలు సామాను దించాక, ఖాళీ అయిన చోటును చెత్తతో నింపి పంపేస్తారు. అవి వాతావరణంలో కాలిపోతాయి. నింపడమంటే విసిరేయడం కాదు. బరువు ఒకవైపు ఒరిగితే నౌకను నడపడం కష్టం కాబట్టి ఏ సంచి ఎక్కడ పెట్టాలో కింది నుంచి చెబుతారు. విడిచిన బట్టలూ అందులోకే, అక్కడ ఉతుకుడు లేదు మరి. "ఉతుకుడు లేదట!" అని మురిసిపోతూ చెప్పాను. ఒకటే బనీను ఎన్నాళ్లు వేసుకుంటారో కూడా చెప్పమంది మా ఆవిడ. చెప్పలేదు.

ఇవన్నీ చదువుతుంటేనే నా పాత తెలివితక్కువతనం ఒకటి బయటపడింది. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ భూమ్మీద పడుతుందన్నప్పుడు మా ఊళ్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. ఎలాగూ పోతామని నేను లెక్కల హోంవర్కు మానేశాను. జూలై 11 రాత్రి అది పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఎస్పరెన్స్ ఊరి పరిసరాల్లో పడింది. మర్నాడు లెక్కల మాస్టారు నాచేత గోడకుర్చీ వేయించారు. బాంబో, రాకెట్టో అనుకుని వణికిన ఆ వస్తువు అడుగున ఏముందో ఇప్పుడు తెలిసింది. ద్రవ ఆక్సిజన్ కోసం కట్టిన ఒక పెద్ద ట్యాంకును స్కైలాబ్‌లో చెత్తకుండీగా మార్చారు. మూడు బృందాలు మొత్తం 171 రోజులు తమ చెత్తనంతా నేలలోని ఒక ఎయిర్‌లాక్ గుండా అందులోకి తోశాయి. దాని మూత సరిగా పడక తంటాలు పడేవారట. ఎవరూ దాన్ని ఖాళీ చేయలేదు. అంటే మేము కోళ్లు కోసుకున్నది ఎవరో పారబోయని చెత్తడబ్బాకు భయపడి. ఎస్పరెన్స్ వాళ్లకు ఈ విషయం ముందే తట్టింది, ఊళ్లో చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. నాసా కట్టలేదు. 2009లో అమెరికా రేడియో వ్యాఖ్యాత ఒకాయన శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడు.

కాలిపోతుందన్నదీ పూర్తిగా నమ్మలేం. 2021లో కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల సామాను 2024 మార్చిలో దిగివచ్చినప్పుడు, దానిలోని దాదాపు 700 గ్రాముల లోహపు ముక్క ఫ్లోరిడాలో ఒకరి ఇంటికప్పుకు చిల్లు పెట్టింది.

మార్స్ ప్రయాణంలోనైతే చెత్తను తీసుకుపోయే నౌక రాదు. నలుగురు మనుషులు ఏడాదిలో 2,500 కిలోల చెత్త చేయగలరని నాసా అంచనా. దాన్ని వేడిచేసి, నీళ్లు పిండుకుని, గట్టి పలకలుగా నొక్కే యంత్రం మీద వాళ్లు పనిచేశారు. ఆ పలకల్ని రేడియేషన్‌కు అడ్డుగోడగా వాడొచ్చన్నది ఆలోచన. నాకు వెంటనే మా అటక గుర్తొచ్చింది. ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ కొన్నప్పటి అట్టపెట్టెలన్నీ ఎప్పటికైనా పనికొస్తాయని దాచింది నేనే. ఆ ఆదివారం మా ఆవిడకు మార్స్ సంగతి మొదలుపెట్టి, అట్టపెట్టెల దాకా నెమ్మదిగా వస్తున్నాను. రేడియేషన్ దగ్గర ఉండగానే ఆవిడ బాల్కనీలోకి వెళ్లి పాత సామాన్ల అబ్బాయిని పైకి రమ్మని కేకేసింది. అటకెక్కి పెట్టెలు దించే పని నాకే పడింది. దించుతూనే కిలోకు ఇంకో రెండు రూపాయలు వేసివ్వమని వాడితో బేరమాడాను.