తుప్పు రేకు పద్యానికి ఆబిడ్స్ వ్యాఖ్య

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. నాంపల్లి స్టేషన్ దారిలో పుట్టిందని కొందరు, ఆబిడ్స్ జీపీవో చౌరస్తాలో పుట్టిందని మరికొందరు వాదిస్తారు. రెండు పక్షాలకూ ఆధారం ఒకటే: రెండు చోట్లా కారు కదలదు. నిలిచిన కారులో ఇంజన్ ఐడిల్ మీద ఉంటుంది. పాత బండి అడుగున వదులైన రేకు ఎక్కువగా ఆ వేగం దగ్గరే గొంతు విప్పుతుంది. జనవరి 1న మొదలై 46 రోజులు సాగే నుమాయిష్ ప్రదర్శన కాలంలో ఈ దారిన కవితావేశానికి మరింత తీరిక దొరుకుతుంది.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం రాశాడు. ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి మాత్రమే కట్టుబడగలడు.

మూలం

కారు కింద రేకు గడగడ మోగిన
పీకి పారవేయు వెఱ్ఱివాడు;
క్లాంపు నొకటి చుట్టి కదలక బిగియింప
నిప్పు కింద నుండు, నిదుర పట్టు.

ప్రతిపదార్థం

కారు = పదిహేనేళ్లు నిండి, ఆర్టీఏలో మరి అయిదేళ్లకు ఆయుర్దాయము పొడిగించుకొన్న వాహనముయొక్క; కింద = యజమాని ఎన్నడును వంగి చూడని తావునందు; రేకు = ఎగ్జాస్ట్ గొట్టమును, కెటలిటిక్ కన్వర్టరును కప్పియుండు హీట్ షీల్డు; గడగడ మోగినన్ = ఇరుగుపొరుగు వినునట్లు శబ్దించినచో; పీకి పారవేయు = ఊడబెరికించి చెత్తలో వేయించునట్టివాడు; వెఱ్ఱివాడు = తెలివితక్కువవాడు; క్లాంపున్ ఒకటి = స్క్రూ తిప్పినకొలది బిగియు ఉక్కుపట్టీ నొకదానిని; చుట్టి = గొట్టమును రేకును కలిపి చుట్టబెట్టి; కదలక = రేకు అల్లాడకుండునట్లు; బిగియింపన్ = బిగింపించగా; నిప్పు = పొగగొట్టపు వేడిమి; కింద నుండు = పాదములకు ఎగబ్రాకక అడుగుననే నిలుచును; నిదుర పట్టు = నిద్ర వచ్చును.

తాత్పర్యం

కారు కింద రేకు మోగుతోందని దాన్ని పీకించేవాడు అవివేకి. ఉక్కుపట్టీ వేసి బిగిస్తే వేడి ఉండాల్సిన చోట ఉంటుంది, మనిషి నిశ్చింతగా ఉంటాడు.

విశేషాలు

“రేకు”: సామాన్యంగా ఇది అల్యూమినియం పూత పూసిన పలుచని ఉక్కు. కొన్ని బళ్లలో అచ్చంగా అల్యూమినియమే. దేశంలో కెటలిటిక్ కన్వర్టరు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి అయింది. సీసం ఆ కన్వర్టరును పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలూ దానితోనే రావాల్సి వచ్చింది. 2000 ఫిబ్రవరికి దేశమంతటా అదే మిగిలింది. హైదరాబాద్‌కు భారత్ స్టేజ్ 2 ఉద్గార నియమం 2003లో వచ్చింది. రేకులు అంతకుముందూ ఉన్నాయి గాని, లోపల 400 నుంచి 800 డిగ్రీల దాకా కాగే పాత్ర ఒకటి బండి కడుపు కింద కుదురుకున్నాక వాటి ఉద్యోగం గట్టిపడింది. జీతం మాత్రం లేదు.

“గడగడ”: రేకు మొత్తంగా తుప్పు పట్టి మోగదు. వానాకాలం గుంతల్లోని నీళ్లు కాగిన లోహం మీద చిమ్మడం, ఆరడం, మళ్లీ చిమ్మడం జరిగీ జరిగీ ముందుగా బోల్టు చుట్టూ ఉన్న భాగం తినేసినట్టవుతుంది. అల్యూమినియం రేకుకు ఉక్కు బోల్టు వేస్తే, రెండు లోహాల మధ్య తడి చేరి ఆ క్షయం ఇంకా తొందరపడుతుంది. బోల్టు తల కన్నా రంధ్రం పెద్దదయిన రోజున రేకుకు స్వాతంత్ర్యం వస్తుంది. ఇంజన్ అదురు రేకు సహజకంపనంతో కలిసినప్పుడు మోత, వేగం పెంచితే మౌనం. అందుకే మెకానిక్ ఎదుట బండి ఎప్పుడూ బుద్ధిగా ఉంటుంది.

ఇక్కడ తార్కికులకు ఒక హెచ్చరిక. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం మీ శాస్త్రం. మన ప్రకరణంలో పొగగొట్టమే ప్రత్యక్షంగా ఉంది కనుక నిప్పు విషయంలో అనుమాన ప్రమాణంతో పని లేదు. అనుమానించాల్సింది మోతకు కారణాన్ని. కన్వర్టరు లోపలి తేనెపట్టు గూడు విరిగినా గలగలమంటుంది, గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు తెగినా దడదడమంటుంది. బండి పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో ఒక్కొక్కచోట తట్టి చూస్తే దోషి తానే పలుకుతాడు.

“పీకి పారవేయు”: ఇది పూర్వపక్షం. ఈ పక్షానికి ఆచార్యుడు సందు మొదట్లో బోనెట్ మీద మోచేయి ఆనించి, “నికాల్ దేతే సాబ్, కుఛ్ నహీ హోతా” అని సూత్రం చెబుతాడు. పక్కన తెలుగు శిష్యుడు, “పీకి పడేద్దాం సార్, ఏం గాదు” అని భాష్యం చెబుతాడు. వారి హేతువులు మూడు: ఖర్చు లేదు, ఆలస్యం లేదు, మోత అప్పుడే ఆగుతుంది.

సిద్ధాంతి సమాధానం ఇది. మోత ఆగడం నిజమే. కాని పై రేకు పోతే గొట్టపు వేడి బండి నేలతట్టుకు, కార్పెట్‌కు, దగ్గర్లో పోయే బ్రేకు గొట్టాలకు, పెట్రోలు గొట్టాలకు తగులుతుంది. అడుగు రేకు పోతే, పబ్లిక్ గార్డెన్స్ వైపు చెట్టు నీడ దొరికిందని వేసవిలో ఎండాకుల మీద నిలిపిన బండి కిందనే మంట పుట్టవచ్చు. మోతను వ్యాధి అనుకున్నవాడికి రేకు శత్రువుగా కనబడుతుంది. అది వదులయ్యానని చెప్పుకుంటున్న కాపలావాడు. జీతం లేని కాపలావాడు అరిచినందుకు ఉద్యోగం కూడా తీసేయడం ధర్మం కాదని కవి హృదయం.

“క్లాంపు నొకటి”: ఏకవచనం ఛందస్సు కోసం. ప్రయోగంలో రెండు వేయాలి, రేకుకు ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి. ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగేటప్పుడు స్టెయిన్‌లెస్ అని గట్టిగా చెప్పాలి. జింకు పూత పట్టీ తళతళలాడుతుంది గాని వేడికీ తడికీ అదే తుప్పు దారి పడుతుంది. రేకు గొట్టాన్ని అంటేదాకా బిగించడం అజ్ఞానం, ఎందుకంటే నడుమ ఉన్న గాలి సందే అసలు కవచం. బోల్టు రంధ్రం మాత్రమే పెద్దదయితే పట్టీ కూడా అక్కర్లేదు, వెడల్పు వాషర్ చాలు. తుప్పు బోల్టును బలవంతం చేస్తే తెగి లోపల మిగులుతుంది. నూనె కొట్టి, అది దిగేదాకా ఒక ఛాయ్ తాగి రావాలి. బండిని ఉత్త జాకీ మీద నమ్మి కిందికి దూరరాదు, స్టాండ్లు పెట్టాలి. రేకు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంటే ఏ పట్టీ కాపాడదు. కొత్త రేకు వేయించడమే.

పాఠాంతరాలు

కొన్ని ప్రతుల్లో “క్లాంపు” స్థానంలో “తీగె” అని ఉంది. “తీగె నొకటి చుట్టి కదలక” అంటే మొదటి అక్షరం “తీ”కి నాలుగో గణంలోని “క”తో యతి చెడుతుంది. కట్టుతీగ నాలుగు వానలకు తుప్పు పట్టి తెగి, రేకూ చెడుతుంది. ఛందస్సూ మెకానిక్సూ ఇంత నిండుగా ఏకీభవించిన చోటు అరుదు. ప్లాస్టిక్ టై అనే పాఠం వేడికి కరిగిపోయింది కనుక పరిశీలించలేదు.

మెకానిక్ ప్రతిలో చివర “నిదుర చెడును” అని కనిపిస్తుంది. గణాలు సరిపోయాయి. అయినా పద్యం గ్రాహకుడి తరఫున చెప్పింది కనుక గ్రాహ్యం కాదు.

“నిదుర పట్టు” ఎవరికి? యజమానికని ఒక మతం, తెల్లారుజామున ఆయన బండి తీసేటప్పుడు మేలుకునే సందుకంతటికీ అని మరొక మతం. రెండూ సమ్మతమే. డ్రైవరుకని మాత్రం అన్వయించరాదు.

ఛందోలంకారాలు

ఆటవెలది. కా-గ, పీ-వె, క్లా-క, ని-ని యతులు. నిప్పు కింద ఉండగా నిద్ర పట్టడం పైకి విరుద్ధంగా తోచి, రేకు అడ్డుగా ఉందని తెలియగానే పరిహారమవుతుంది కాబట్టి విరోధాభాసం.

ఈ అలంకారంలోనే వ్యాఖ్యాతల గుట్టు కూడా ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో గాని, బొగ్గులకుంట సారస్వత పరిషత్తులో గాని మూలానికి జరిగే సన్మానం టీకకు జరగదు. మూలం కాగుతూ ఉంటుంది, పాఠకుడి అరికాలు మెత్తన. ఆ రెంటి మధ్య పలుచగా నిలవడమే టీక పని. బిగువుగా ఉన్నంతకాలం అది ఉన్నట్టే తెలియదు. వదులైతే మూలం కన్నా ఎక్కువ శబ్దం చేస్తుంది. పైన నాలుగు పాదాలకు ఇంత మోత చేసిన వ్యాఖ్యాతను సహృదయులు ఊడబెరకక, తగిన చోట బిగింతురు గాక.

ఫలశ్రుతి

దీన్ని చల్లారిన బండి పక్కన చదివినవారికి వేళ్లు కాలవు. స్టెయిన్‌లెస్ పట్టీ కొన్నవారికి మళ్లీ కొనే పని పడదు. విని కూడా రేకు పీకించుకున్నవారు బండిని ఎండుగడ్డి మీద నిలపకుందురు గాక.