లెహంగా గీసిన 2బి పెన్సిల్ ఆత్మకథ

ఆత్మకథను ‘నేను’ అంటూ మొదలుపెట్టడం లోకం రివాజు. పెన్సిల్‌కి ఆ అలవాటు లేదు. గీత తనదే అయినా సంతకం ఎప్పుడూ చేతిదే కదా! అందుకని ఈ కథలోనూ ‘ఈ పెన్సిల్’ అనే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి డాబులేమీ లేవు. ఒళ్లు పాప్లర్ కర్ర. మన దేశంలో పెన్సిళ్లు చేసే చెక్క పలకల్లో చాలా భాగం కశ్మీర్‌లోని పుల్వామా జిల్లా నుంచే వస్తుంది. కడుపులో ఉన్నది గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి బట్టీలో కాల్చిన పుల్ల. 1795లో ఫ్రాన్స్‌లో నికొలా జాక్ కాంటే పేటెంట్ తీసుకున్న పద్ధతే నేటికీ నడుస్తోంది. మట్టి పాలు పెరిగితే గీత గట్టిగా, లేతగా పడుతుంది, అది హెచ్ రకం. గ్రాఫైట్ పెరిగితే మెత్తగా, నల్లగా పడుతుంది, అది బి. ఈ పెన్సిల్ 2బి. మడతల నీడలకు బాగుంటుందని కోఠిలోని ఒక దుకాణంలో వరంగల్ అమ్మాయి కొనుక్కుంది. ఫ్యాషన్ డిజైనింగ్‌లో కొత్తగా చేరిన పిల్ల.

మొదట్లో పనంతా ముఖాలతోనే. కాటుక కళ్లు, పెదవుల వంపు, గాలికెగిరే జుట్టు. మెడ దిగి బట్టలదాకా వచ్చేసరికి ఓపిక అయిపోయేది.

తర్వాత కొలతలు వచ్చాయి. ఎ4 కాగితం మీద 27 సెంటీమీటర్ల నిలువు గీత, దాన్ని 3 సెంటీమీటర్ల చొప్పున తొమ్మిది భాగాలు. పై భాగం తల. మూడో గుర్తు దగ్గర నడుము, నాలుగో గుర్తు దగ్గర తుంటి, ఆరో గుర్తు దగ్గర మోకాలు. మామూలు మనిషి ఎత్తు ఇంచుమించు ఏడున్నర తలలే. ఫ్యాషన్ బొమ్మకు మాత్రం తొమ్మిది తలలు, ఒక్కోసారి పది. పెంచిన పొడవులో ఎక్కువ వాటా కాళ్లకే. మెడ గుంట నుంచి నేలదాకా ఒక తిన్నని గీత దింపి, బరువు మోసే పాదాన్ని ఆ గీత దగ్గరే నిలిపితేనే బొమ్మ నిలబడుతుంది. లేకపోతే తూలిపోతున్నట్టుంటుంది.

బట్ట గీయడం ఇంకో విద్య. జార్జెట్‌కు చెయ్యి తేల్చి సన్నటి, పొడుగాటి గీతలు లాగాలి. పట్టు మడత విరిగే చోట గీత కూడా కోణంగా విరగాలి. మంగళగిరి నూలు నలిగే తీరు మళ్లీ వేరు. చేతి బరువు మారకపోతే మూడూ ఒకే గుడ్డలా కనిపిస్తాయి.

ఈ వృత్తిలో పెన్సిల్‌కి బంధువులు తక్కువేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద మొదటి గీతలు గీసే చింతబొగ్గు పుల్ల వరసకు పెద్దమ్మ అవుతుంది. పోచంపల్లిలో నూలుకు కట్లు కట్టకముందే డిజైన్ గళ్ల కాగితం మీదికి ఎక్కుతుంది. గుండ్రటి పువ్వైనా సరే, అక్కడ గడి గడిగా మెట్లు దిగాల్సిందే. ఇక కాగితం మీది బొమ్మ ఎంత దూరం వెళ్లగలదంటే భాను అథైయా పేరు చెప్పాలి. కొల్హాపూర్‌లో పుట్టి, పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీస్తూ సినిమాల్లోకి వెళ్లిన ఆమె, ‘గాంధీ’ చిత్రం దుస్తులకు జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే.

వరంగల్ అమ్మాయి బొమ్మ మాత్రం ముందు టైలర్ మాస్టర్ బల్లదాకా వెళ్లింది. కుట్టు కనబడని, గుండ్రంగా విచ్చుకున్న లెహంగా.

“బొమ్మ మంచిగున్నది బిడ్డా. జిప్పు ఏడ పెట్టాలె? గుడ్డ పన్నా ఎంత?”

“నలభై నాలుగు మాస్టర్.”

మాస్టర్ పెన్సిల్ తీసుకుని బొమ్మ పక్కనే లెక్క వేశాడు. నడుము 28 అంగుళాలు. పూర్తి గుండ్రం రావాలంటే దాన్ని 6.28తో భాగించాలి. నడుము దగ్గర వ్యాసార్ధం దాదాపు నాలుగున్నర అంగుళాలు. దానికి పొడవు 40 కలిపితే నలభై నాలుగున్నర. మడత కుట్టుకు వదలకముందే పన్నా, అంటే గుడ్డ వెడల్పు, దాటిపోయింది. అతుకు లేకుండా అసలు కుదరదు. ఆ అతుకు ఎక్కడ పడాలో బొమ్మలో లేదు.

ఆ రాత్రి పెన్సిల్ ముఖాల జోలికి పోలేదు. ముఖం లేదు, కాళ్లు లేవు, ఒట్టి లెహంగా. నేల మీద పరిచినట్టు ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. పరిశ్రమలో ఫ్లాట్ స్కెచ్ అనేది దీన్నే. పన్నెండు కలీలు, అంటే నిలువు ముక్కలు, ఒక్కోటి నడుము దగ్గర కుట్లు పోగా రెండుంబావు అంగుళాల పైచిలుకు. అతుకులు దాక్కోవాల్సిన పని లేకుండా అవే డిజైన్ అయ్యాయి. అంచున రాతలు: ఎడమ పక్క జిప్పు, లోపల నూలు లైనింగ్, కింద గద్వాల అంచు.

మాస్టర్ కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. కలీలు లెక్కపెట్టాడు. జిప్పు గుర్తు మీద వేలు పెట్టి తలూపాడు.

“జేబు వద్దా బిడ్డా? ఫోన్ ఏడ పెడ్తవ్?”

అమ్మాయి నవ్వేసి సంచీలో షార్ప్‌నర్ కోసం వెతికింది. పెన్సిల్‌కి ఇంకో చెక్కుడు తప్పలేదు. కుడివైపు రెండు కలీల మధ్య కుట్టులో జేబు నోరు గీస్తోంది.