తీగకు గుచ్చిన రంగం చీటీ

నేను మనియార్డరు ఫారం అడుగున ఉండే చీటీని. కూపన్ అంటారు నన్ను. మన దేశంలో మనియార్డర్లు 1880లో మొదలయ్యాయి. అచ్చాఫీసులో ఎలా పుట్టానన్నది చెప్పుకోదగ్గ సంగతి కాదు, లక్షల్లో ఒకదాన్ని. నా అసలు బతుకు బర్మాలోని రంగూన్ తపాలాఫీసులో మొదలైంది. మనవాళ్ళ నోట ఆ ఊరు ‘రంగం’. కాకినాడ నుంచి వెళ్ళిన ఒక రేవు కూలీ, రాత వచ్చిన తోటివాణ్ణి బతిమాలుకుని, ఊదారంగు పెన్సిలుతో నా మీద నాలుగు ముక్కలు రాయించాడు. పదిహేను రూపాయలు పంపుతున్నానన్నాడు. క్షేమమన్నాడు. పిల్లాడికి చొక్కాయి కుట్టించమన్నాడు. కింద తన పేరూ, తనని కూలికి తీసుకెళ్ళిన మేస్త్రీ పేరూ, ఊరూ వేయించాడు. ముద్ర పడింది: 1930, ఏప్రిల్.

కాకినాడ జగన్నాథపురంలో వాళ్ళింటి అరుగు మీద పోస్టుమాను నన్ను ఫారం నుంచి చింపాడు. ఫారం ఆఫీసుకి పోయింది. అలాంటివాటిని గడువు తీరాక ఉంచరు. ఇల్లాలి వేలిముద్ర పడ్డ రసీదు ముక్క తిరుగు టపాలో రంగూన్ వెళ్ళింది. ఆ ముక్కా నేనూ మళ్ళీ కలుసుకోలేదు.

డబ్బు నెల తిరక్కుండానే అయిపోయింది. నన్ను మాత్రం దాచారు. దాచారంటే ఉత్తరాల తీగకు గుచ్చారు. నా పగంతా అక్కడే. నా ఒంటి మీద ఖాళీ జాగాయే లేదా? సరిగ్గా పంపినవాడి పేరులోంచే దించారు! తీగ తుప్పుపట్టి చిల్లు చుట్టూ మచ్చ పాకింది. ఇప్పుడా పేరులో మొదటి అక్షరం, చివరి ‘డు’ మిగిలాయి. గోదావరి జిల్లాల్లో ‘డు’తో ముగిసే మగాళ్ళు ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

ఏడాదికేడాది నా మీద బరువు పెరిగింది. ఇంటి పన్ను రసీదులు, శుభలేఖలు, కరెంటు బిల్లులు. 1996 నవంబరు తుపానుకి పెంకులు లేచిపోయిన రాత్రి, వాననీళ్ళకి నా మీది రాత సగం ఊదా మరకైపోయింది. మర్నాడు బియ్యం ఎండబోసుకున్నారు, గోడమీది ఫోటోలు తుడుచుకున్నారు. నావైపు చూసినవాళ్ళు లేరు. పారెయ్యడానికి మనసొప్పలేదు, చదవడానికి తీరిక లేదు. అటకెక్కిన తీగకి బొద్దింకలే చుట్టాలు.

ఆ ఇల్లాలి సంగతి చెప్పాలి. నా తర్వాత మనియార్డరు రాలేదు, ఉత్తరం రాలేదు, చావు కబురూ రాలేదు. ఆవిడ బొట్టు తియ్యలేదు. ఏడేళ్ళు ఆచూకీ లేనివాణ్ణి చనిపోయినట్టే భావించవచ్చని సాక్ష్యాల చట్టంలో ఉందని ఇంటి స్థలం పంపకాలప్పుడు ప్లీడరు చెప్పాడు. "ఆ ముక్క మీ చట్టానికి చెప్పుకోండి బాబూ, నాకు కాదు" అంది. ఆవిడ పోయాక కొడుకు తండ్రికి తద్దినం పెట్టబోతే పురోహితుడు తిథి అడిగాడు. ఏ తిథని చెప్పాలి? తిథి తెలియని వాళ్ళందరికీ దిక్కైన మహాలయ అమావాస్యే ఆయనకీ దిక్కయింది.

ఈమధ్య మునిమనవరాలు వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది.

"ముత్తాత ఏ ఏడు వెళ్ళాడు నాన్నా?"

"మీ తాతయ్య పాకేటప్పుడంటమ్మా. రంగం వెళ్ళాడు. అంతే."

ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు. ముందు దూరదేశాల దస్తావేజులు చూసి కుళ్ళుకుంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి ఒప్పందం మీద వెళ్ళిన 1,52,184 మందికీ ఓడ పట్టికల్లో ఒక్కో సంఖ్య ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీది గుర్తులు కూడా రాసుకున్నారు. మారిషస్ వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పదిలంగా ఉన్నాయి. ఫిజీ వెళ్ళినవాళ్ళకి పాసులున్నాయి. బంగాళాఖాతం దాటితే చాలు వచ్చేసే రంగూన్‌కి వెళ్ళినవాడికే ఏమీ లేదు.

ఎందుకంటే, అయిదేళ్ళ ఒప్పందానికి కట్టేసినవాడు పారిపోతే పట్టుకోవాలి కాబట్టి పుట్టుమచ్చలతో సహా రాసుకున్నారు. రంగూన్ వెళ్ళేవాడు మేస్త్రీ ఇచ్చిన బయానాకి కట్టుబడ్డాడే కానీ సర్కారు కాగితానికి కాదు. పైగా 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంలోనే ఒక రాష్ట్రం. దేశంలో చోటు మారేవాడికి పాసెందుకు? కాలవలో పడవెక్కి, రేవుకి దూరంగా లంగరేసిన స్టీమరు చేరి, డెక్కు మీద చాప పరుచుకుంటే ప్రయాణం మొదలైనట్టే. 1931 జనగణన నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. లెక్కలో తలలు మిగిలాయి, పేర్లు మిగల్లేదు.

పేరు లేనిచోట కథలు పుడతాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మా వాళ్ళని పెట్టి, రాజీ కుదరగానే తీసేశారు. ఆ కక్ష అల్లర్లయి వందమందికి పైగా చచ్చిపోయారు. అందులో పోయాడని ఒక కథ. బర్మా పిల్లని కట్టుకుని అక్కడే ఉండిపోయాడని ఇంకోటి. ఇది ఆడపడుచులు గొంతు తగ్గించి చెప్పుకునేది. 1942లో జపాను సేనలు రంగూన్ పట్టుకున్నప్పుడు అడవుల్లోంచి నడిచొచ్చిన లక్షల మందిలో దారిలో రాలిపోయాడని మూడోది. ఆ ఏప్రిల్ 6న కాకినాడ మీదే జపాను బాంబులు పడ్డాయి. తిరిగొచ్చినవాళ్ళని నిలబెట్టి ఆరా తీసే ధైర్యం ఎవరికుంది?

ఆఖరికి ఆ పిల్ల అటకెక్కింది. నన్ను లాగెయ్యకుండా తీగనే తెంపింది. అదొక్కటే నాకు జరిగిన మర్యాద. వెలుతురులో పట్టుకు చూస్తే, చిల్లు తగలని, వాన తడపని చోట మేస్త్రీ ఇంటిపేరూ, ఊరూ కనబడ్డాయి. మేస్త్రీలు తమ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనే ముఠా కట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు. కాబట్టి వెతకాల్సింది తప్పిపోయిన మనిషిని కాదు, అతనితో పడవెక్కినవాళ్ళని. ముందు ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు వాళ్ళ గడప ఎక్కుతుందట. తర్వాత 1964లో బర్మా సర్కారు దుకాణాలు లాక్కున్నాక విశాఖ చేరిన కుటుంబాలని అడుగుతుందట.

వంశవృక్షంలో ‘రంగం వెళ్ళాడు’ అన్నది కొట్టేసి, "1930 ఏప్రిల్లో రంగూన్‌లో ఉన్నాడు, ఇంటికి పదిహేను రూపాయలు పంపాడు" అని రాసింది. ఆయన ఎలా పోయాడో నేను చెప్పలేను. ఆనాటికి బతికున్నాడనీ, ఇంటిని మరిచిపోలేదనీ ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెబుతాను. పేరు అడిగితే మాత్రం తీగ గుచ్చినవాళ్ళని బోనెక్కించండి.