యాభై ఆరు కోట్ల భాగహారం

హైదరాబాద్ మహానగరపాలక సంస్థను, అనగా పాతబస్తీ వాడుకలోని బల్దియాను, అర్థశాస్త్ర దృష్టితో అధ్యయనం చేయదలచినవారు కౌటిల్యుణ్ణి కాసేపు అటకెక్కించి, కార్పొరేటర్ భాగహారంతో ఆరంభించడం మేలు. 2025–26 సంవత్సరానికి బల్దియా ఆమోదించుకున్న బడ్జెట్ రూ.8,440 కోట్లు; 2020 డిసెంబరు 1న ఎన్నికైన పాలకమండలిలో డివిజన్లు, అంటే ఒక్కొక్క కార్పొరేటరును ఎన్నుకొనే వార్డులు, 150; మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే డివిజనుకు 56 కోట్ల పైచిలుకు వస్తుంది. పాతబస్తీ కార్పొరేటర్ ఈ లెక్కను నోటితోనే కట్టగలడు గాని, ఆ యాభై ఆరు కోట్లు మూసీ మీది నయాపూల్ వంతెన దాటి ఇవతలికి రాకుండా ఎక్కడ ఆగిపోయాయో మాత్రం పదవీకాలం ఐదేళ్లూ వెతికినా తేల్చుకోలేడు. జీతాలు, పింఛన్లు, చెత్త తరలింపు, వీధిదీపాలు, పాత అప్పుల వడ్డీ అన్నవి ఆయన భాగహారంలో శేషంగానైనా కనిపించవు.

ఈ అనుమానానికి చారిత్రక పునాది లేదని కొట్టిపారేయడం న్యాయం కాదు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1869లో, పురపాలన మొదలైనప్పుడు నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగా విభజించారు. శివారుకు ఒక భాగం ఎక్కువ ముట్టడం ఆనాడే మొదలైందని వాదించదలచిన కార్పొరేటరుకు ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు. 1933లో నగరం, చాదర్‌ఘాట్ పురపాలికలు రెండింటినీ కలిపివేశారన్న సంగతి చట్టంలో ఉంది గాని, పాతబస్తీ మనసుకు ఇంకా అందలేదు.

బడ్జెట్ పత్రాలు ఖర్చును రెండుగా వర్గీకరిస్తాయి: ఏటేటా తిరిగి వచ్చే జీతభత్యాలు, మరమ్మతులు, నిర్వహణ వంటివి రెవెన్యూ వ్యయం; రోడ్డు, వంతెన, భవనం వంటి శాశ్వతమైన ఆస్తిని మిగిల్చేవి మూలధన వ్యయం. కార్పొరేటర్ శాస్త్రంలోనూ వర్గాలు రెండే, అయితే అవి శిలాఫలకం వేయదగిన ఖర్చు, వేయరాని ఖర్చు. నల్లరాతి పలక మీద బంగారు రంగు అక్షరాలతో పైనుంచి కిందికి మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, మేయరు, ఆ తరువాత కార్పొరేటర్ అన్న వరుసలో పేర్లు చెక్కి, చిట్టచివర ఉన్న పేరు వానాకాలం బురద చిమ్మినా కనిపించేంత ఎత్తున సిమెంటు దిమ్మె కట్టి నిలబెట్టడాన్ని శంకుస్థాపన అంటారు. ఆ దిమ్మె మీద మరుసటి వారమే ట్యూషన్ సెంటరు పోస్టరు అతుక్కుంటుంది, దాని మీద నెల తిరగకముందే బోరువెల్ పోస్టరు ఎక్కుతుంది; పలక ప్రకటించిన రోడ్డు కంటే పలకే ఎక్కువకాలం చెక్కుచెదరకుండా ఉండటం నిర్మాణ నాణ్యతకు నిదర్శనమనక తప్పదు. మోరీలో చీపురు పుల్లలు తీయించడానికి, వెలగని దీపానికి బల్బు మార్పించడానికి పలక వేయడం సంప్రదాయంలో లేదు కాబట్టి, అవి ఖర్చుల కోవలోకే రావు.

ఇక గల్లీలో సీసీ రోడ్డు, అనగా సిమెంటు కాంక్రీటుతో పోసిన దారి, ఒక విలక్షణమైన ఆస్తి. ప్రతి పోతకూ గల్లీ మట్టం కొంచెం లేచి, పాత ఇళ్ల గడపలు కొంచెం దిగి, కొన్నేళ్లకు మెట్టెక్కి ఇంట్లోకి వెళ్లవలసినవారు మెట్టు దిగి వెళ్లవలసి వస్తుంది. వాన వచ్చినప్పుడు నీరు కూడా అదే మర్యాద పాటిస్తుంది. రోడ్డు ఆరిన తరువాత పైపులైను గుర్తుకొచ్చిన జలమండలి, అంటే నల్లా నీటి సంస్థ, దానిని నిలువునా కోస్తుంది, ఆ కోతను మట్టితో పూడుస్తారు, ఆ మట్టి కుంగి గుంత అవుతుంది, ఆ గుంతకు ప్యాచ్ వర్క్ మంజూరవుతుంది. ఒకే జానెడు నేల మీద ఇన్నిసార్లు ధనాన్ని చలామణి చేయగల మరో పద్ధతిని ఏ ఆర్థికవేత్తా ఇంతవరకు కనిపెట్టలేదు.

జనం ఈ గొడవంతా కార్పొరేటర్ సాబ్ తలకే చుడతారు గాని, ఇందులో ఆయన చేతిలో ఉన్నది తక్కువ. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 విధులను పేర్కొని, అందులో తాగునీటి సరఫరాను కూడా చేర్చింది. హైదరాబాదులో మాత్రం నల్లా నీరు, మురుగు పైపు అంతకు ముందే, 1989లోనే, రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేసే జలమండలికి వెళ్లిపోయాయి. అందుచేత వేల కోట్ల బడ్జెటుకు చేయెత్తి ఆమోదం తెలిపే ప్రజాప్రతినిధి తన ఇంటి ముందున్న మ్యాన్‌హోల్ మూత కోసం వేరే కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొని నిలబడవలసి ఉంటుంది.

నయాపూల్ దాటి డబ్బు అసలే రాలేదనడం కూడా నిజం కాదు. ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా 4.08 కిలోమీటర్ల ఫ్లైఓవరును రూ.799 కోట్లతో కట్టి 2025 జనవరి 6న తెరిచారు. కార్పొరేటర్ భాగహారం ప్రకారం అది పద్నాలుగు డివిజన్ల వాటా. అయితే దాని కిందుగా సాగే గల్లీల్లో ఎవరూ ఆ వంతెనను చూపి కార్పొరేటరుకు సలాం చేయరు గనుక, ఆయన లెక్కలో అది జమ పడలేదు.

ఆదాయం విషయంలో కార్పొరేటర్ దృక్పథం మరింత సరళమైనది: డబ్బు పైనుంచి రావాలి, కిందినుంచి అడగకూడదు. ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టినది ఆయన కాదని ఒప్పుకోవాలి. 2016 బల్దియా ఎన్నికలకు ముందు, ఏటా రూ.1,200 వరకు ఆస్తిపన్ను కట్టే ఇళ్లకు ఆ పన్నును రాష్ట్ర ప్రభుత్వం రూ.101కి తగ్గించింది, అనగా పెళ్లి చదివింపుల స్థాయికి. 2020 ఎన్నికల ముంగిట, దీపావళి కానుకగా, రూ.15,000 వరకు చెల్లించే ఇళ్లకు ఆ ఏడాది పన్నులో సగం మాఫీ చేసింది. ఈ రెండు ఔదార్యాల నడుమ, 2018, 2019 సంవత్సరాల్లో, అదే బల్దియా బాండ్లు అమ్మి, అనగా వడ్డీ పత్రాలు రాసిచ్చి, రూ.495 కోట్లు అప్పు తెచ్చింది. మొదటి విడతకు వడ్డీ 8.90 శాతం, మూడో విడతకు 10.23 శాతం. రావలసిన పన్నును వదిలి, వడ్డీకి అప్పు తెచ్చి, ఆ వడ్డీ కట్టడానికి నిధులు లేవని సభలో గొంతు చించుకోవడం ఏ పార్టీకీ సొంతం కాని ఉమ్మడి ఆస్తి.

2025 జనవరి 30న ఈ 8,440 కోట్ల బడ్జెట్ సభ ముందుకు వచ్చినప్పుడు ప్రతిపక్ష సభ్యులు ప్రతులను చించి మేయరు మీదికి విసిరారు, మార్షల్స్ వారిని బయటికి తరలించారు, ఆ గందరగోళంలోనే బడ్జెట్ ఆమోదం పొందింది. చదవడానికి గంటలు పట్టే పత్రాన్ని చించడానికి క్షణాలు చాలునన్నది కాలాన్ని ఆదా చేయడం కిందికి వస్తుంది. ఆ ఆదాను ఏ పద్దులో చూపారో తెలియదు. మరుసటి నెలలోనే స్థాయీ సంఘం, అంటే బల్దియా ఖర్చులను ముందుగా పరిశీలించి మంజూరు చేసే 15 మంది సభ్యుల కమిటీ, ఏకగ్రీవంగా ఏర్పడింది. అందులో 8 మంది పాతబస్తీ పార్టీ అయిన మజ్లిస్ కార్పొరేటర్లు. అంటే మూసీ ఇవతలికి పైసా రానివ్వడం లేదని దశాబ్దాలుగా ఎవరి మీద ఫిర్యాదు సాగిందో ఆ కుర్చీల్లో సగానికి పైగా ఫిర్యాదుదారుల పార్టీకే దక్కాయి. దీనితో ఫిర్యాదు ఆగుతుందని ఆశించినవారికి పాతబస్తీ రాజకీయం తెలియదన్నమాట.

గడపలు మాత్రం దిగుతూనే ఉన్నాయి, పలకలు లేస్తూనే ఉన్నాయి. ఆస్తిపన్ను ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ నెలలోనే చెల్లించేవారికి బల్దియా ఏటా 5 శాతం రాయితీ ఇస్తుంది. పాఠకులు రసీదు జాగ్రత్త చేసుకోగలరు.