కుర్చీలోంచి లేవకుండా భూతాపం కొలవడం ఎలా?

తిరుపతి ఎండల్లో వాతావరణ పరిశీలకుడి కొలువు దొరికిందా? ఈ చిట్కాలు పాటించండి. ఒంటికి చెమట పట్టదు, రిజిస్టరులో ఖాళీ మిగలదు.

1. థర్మామీటరును స్టీవెన్‌సన్ స్క్రీన్‌లో పెట్టమంటారు. అదొక తెల్లరంగు చెక్కపెట్టె. చుట్టూ గాలాడే రెక్కలు, నేలకు నాలుగడుగుల ఎత్తు, ఎండ పడకుండా ఉత్తరాన తలుపు. అదీ ఆరుబయట! అంత దూరం ఎవరు నడుస్తారు? మిద్దె మీద ఏసీ వేడిగాలి కొట్టేచోట మేకుకు తగిలించండి. మే నెలలో మీ అంకె చూసి రెంటచింతల సిగ్గుపడాలి.

2. ఉదయం 8.30కే రీడింగ్ తీయాలట. రోజూ ఒకే వేళకు తీస్తేనే పోల్చడానికి పనికొస్తుందని పెద్దల చాదస్తం. మీరు టిఫిన్ కానిచ్చి పదకొండుకు వెళ్లి 8.30 అని వేయండి. అసలు వెళ్లకపోతే నెలాఖరున నిరుటి పుస్తకం చూసి ఎక్కించండి. అన్నీ .0, .5 అయితే దొరికిపోతారు, మధ్యమధ్య 37.3, 38.7 చల్లండి. పెన్నులు మార్చండి. ఒక పేజీకి టీ మరక అంటించండి. ఎవరైనా నిలదీస్తే "కరెంటు పోయింది సార్" అనండి. పాదరసానికి కరెంటుతో పనిలేదని ఆయనకు తట్టేలోపు బయటపడండి.

3. థర్మామీటరు చోటు మార్చితే ఎక్కడా రాయకండి. తేదీ తెలిస్తే శాస్త్రవేత్తలు పక్క ఊళ్ల లెక్కలతో సరిచూసి దిద్దేస్తారు. మీ కష్టం వృథా.

4. శాస్త్రవేత్తలు ఏ ఊరి వేడినైనా ఆ ఊరి ముప్పై ఏళ్ల సగటుతోనే పోల్చి, తేడాను మాత్రమే లెక్కగడతారు. మీకెందుకా తంటా? ఉన్న అంకెలన్నీ కూడి భాగించండి. తిరుపతి రీడింగ్ లేనిరోజు కొండ మీది తిరుమలది వేయండి. సగటు దిగుతుంది. భూమి చల్లబడిందని ప్రెస్‌మీట్ పెట్టండి.

5. పై గాలి వేడి కొలవడానికి గాదంకి వాతావరణ పరిశోధనశాలలో బెలూన్లకు పరికరాలు కట్టి వదులుతారు. చూడాలంటే మెడ ఎత్తాలి. వద్దు.

6. ఇక సముద్రం. భూమి మీద పోగయ్యే అదనపు వేడిలో 90 శాతానికి పైగా చేరేది అక్కడికే, కాబట్టి వదిలేయడమే తెలివి. తప్పకపోతే పాతకాలపు ఓడలవాళ్లను చూసి నేర్చుకోండి. కొందరు గుడ్డ బకెట్‌తో నీళ్లు తోడారు. డెక్ మీద ఆవిరై చల్లారేవి. కొందరు ఇంజన్‌లోకొచ్చే నీటిని కొలిచారు. కాస్త వెచ్చగా తేలేది. ఏది ఏదో చాలాచోట్ల రాయలేదు. తర్వాతివాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. ఆదర్శమంటే అదీ! ఇప్పుడు నాలుగు వేల దాకా ఆర్గో ఫ్లోట్లు అనే తేలే యంత్రాలు పదిరోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకి తేలుతున్నాయి; మనవాటిని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చూసుకుంటుంది. మీరు తూపిలిపాళెం బీచికెళ్లి కాలు తడపండి. వెచ్చగా తగిలితే 30, లేకుంటే 25. టీఏ బిల్లు మాత్రం పైసలతో సహా వేయండి.