టెస్టోస్టెరాన్ డోసు: చెవిన పెట్టకూడని సలహాలు

"మామా, నాకు వారానికి వంద మిల్లీగ్రాములు బాగా పట్టింది, నువ్వూ అదే వేయించుకో." జిమ్ముల్లో చేతులు మారే సలహాల్లో ఇంతకంటే తప్పుడుది లేదు. చెప్పేవాడు అబద్ధమాడడు, అతనికి పట్టిన మాట నిజమే కావచ్చు. అయితే అది అతని ఒంటి సంగతి.

రక్తంలోకి చేరిన టెస్టోస్టెరాన్‌లో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ అనే ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది. విడిగా తిరిగేది దాదాపు రెండు శాతమే. ఊబకాయం, షుగరు ఉన్నవాళ్లలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. వయసు పైబడినా, థైరాయిడ్ అతిగా పనిచేసినా పెరుగుతుంది. అందుకే ఇద్దరి రిపోర్టులో మొత్తం టెస్టోస్టెరాన్ అంకె ఒకటే అయినా, వాళ్ల కణాలకు అందేది ఒకటి కాదు. అందిన హార్మోన్‌కి స్పందించే రిసెప్టర్ కూడా అందరిలో ఒకేలా ఉండదు. దాని జన్యువులో సీఏజీ అనే ముక్క కొందరిలో తక్కువసార్లు, కొందరిలో ఎక్కువసార్లు వరసగా వస్తుంది. తక్కువసార్లు వచ్చినవాళ్లలో రిసెప్టర్ మరింత చురుకు. సీసా మీది మిల్లీగ్రాముల్లో ఇవేవీ కనిపించవు.

ఈ తేడా ఎంతుంటుందో మగవాళ్ల గర్భనిరోధకం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏడు దేశాల్లో 271 మంది ఆరోగ్యవంతులకు వారం వారం 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంతేట్ ఇచ్చారు. 157 మందిలో వీర్యకణాలు సున్నాకి పడిపోయాయి. ఇంకొందరిలో తగ్గాయేగాని సున్నా కాలేదు. అందరికీ ఇచ్చింది ఒకే మందు, ఒకే మోతాదు.

అదే అధ్యయనం ఇంకో సలహా నోరు కూడా మూయించాలి: "ఇంజెక్షన్ వేయించుకుంటే పిల్లలు తొందరగా పుడతారు." ఈ మాట వింటే నాకు కోపం ఆగదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ సంకేతాలు ఆగిపోతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లకి ఈ చికిత్స మొదలుపెట్టవద్దని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెళ్లయిన కొత్తలో ఉన్న కుర్రాళ్లకి ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

"నీరసం తగ్గలేదా? డోసు పెంచెయ్." ఇది ప్రాణం మీదకి తెచ్చే సలహా. టెస్టోస్టెరాన్ ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. హెమటోక్రిట్ (మన ల్యాబు రిపోర్టుల్లో పీసీవీ అని ఉంటుంది) 54 శాతం దాటితే మందు ఆపాలి. ఇక్కడా మనిషికీ మనిషికీ తేడానే. షలేందర్ భాసిన్ బృందం అమెరికాలో కుర్రాళ్లకీ, 60 నుంచి 75 ఏళ్ల పెద్దవాళ్లకీ వారానికి 25 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా రకరకాల మోతాదులు 20 వారాలు ఇచ్చి చూసింది. కండ పెరగడంలో రెండు గుంపులూ దాదాపు సమానం. హిమోగ్లోబిన్ మాత్రం పెద్దవాళ్లలో ఎక్కువగా పెరిగింది. కొడుక్కి సరిపోయిన డోసు తండ్రి రక్తాన్ని చిక్కబరచగలదు. నీరసానికి కారణం గురకతో చెడిన నిద్రో, థైరాయిడో అయితే డోసు పెంచి ప్రయోజనమే లేదు.

"ఇంజెక్షన్ అయిన మర్నాడే పరీక్ష చేయించు, అంకె బాగా వస్తుంది." వస్తుంది, ఎనాంతేట్ మొదటి కొద్ది రోజుల్లోనే శిఖరానికి చేరుతుంది కాబట్టి. రెండు ఇంజెక్షన్ల నడిమధ్య రక్తం ఇస్తేనే డాక్టరుకి పనికొస్తుంది. పది పద్నాలుగు వారాలకోసారి వేసే అన్‌డెకనోయేట్ అయితే తర్వాతి డోసుకి ముందు ఇవ్వాలి.

"జెల్ అయితే భయం లేదు" అన్నదీ అంతే. చర్మం లోపలికి తీసుకునేది పదో వంతు మాత్రమే, అదీ ఒక్కొక్కరిలో ఒక్కోలా. పూసుకున్న చోటు బట్టతో కప్పుకోకుండా చంటిపిల్లల్ని ఎత్తుకుంటే మందు వాళ్లకీ అంటుతుంది.

అసలు లోపం ఉందో లేదో తేల్చడానికే రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే పరగడుపున పరీక్ష జరగాలి, లక్షణాలూ ఉండాలి. ఇప్పటికే ఎవరి మాటో విని వేయించుకుంటున్నవాళ్లు ఎండోక్రినాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మందు పేరు, మోతాదు, ఏ తేదీన వేయించుకున్నదీ, ఏ రోజు ఎన్ని గంటలకు రక్తం ఇచ్చిందీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. జిమ్ములో ఎవరిచ్చారో చెప్పడానికి సిగ్గుపడకండి, డాక్టరుకి అదీ తెలియాలి.